చదువుల పందిరి: సాంఘిక న్యాయం చదివే పిల్లలకు

ప్లస్‌టూ ఫలితాలు వచ్చినవంటే మన ఇళ్లలో ఒకటే మాట. ఏ కాలేజీ, ఏ గ్రూపు, ఎంత ఫీజు? ఇంజనీరింగు అన్న మాట వింటే అందరి ముఖాలూ విప్పారుతాయి. బి.కాం. అంటే ‘పరవాలేదు, లెక్కలు వస్తాయి, కొట్టు చూసుకుంటాడు’ అంటారు. ఇంతలో ఏ అమ్మాయో నెమ్మదిగా ‘నేను సోషల్ వర్క్ చదువుతాను’ అనో, ‘సోషియాలజీ తీసుకుంటాను’ అనో, ‘లా కాలేజీలో చేరతాను’ అనో అన్నదా, మామ్మగారు మొదలు మేనమామ దాకా అందరూ ఆ పిల్ల వంక వింతగా చూస్తారు. ‘అది చదివితే అన్నం పెడుతుందా?’ అన్నది మొదటి ప్రశ్న. ‘ఊరివాళ్ల గొడవ మనకెందుకే?’ అన్నది రెండవది.

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది గనుక ముందు అదే చెప్పేస్తాను. పెడుతుంది. కోయంబత్తూరు మిల్లుల చుట్టూ పెరిగినవారికి ఇది తెలియనిది కాదు. 500 మందీ అంతకు మించీ పనిచేసే మిల్లులో సంక్షేమాధికారి ఉండి తీరాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే విధించింది. మనవాళ్లు ‘లేబర్ ఆఫీసర్’ అని పిలిచేవారే, ఆయనే. పెద్ద ఆసుపత్రులలోనూ, పాఠశాలలలోనూ, స్వచ్ఛంద సంస్థలలోనూ, ప్రభుత్వ శాఖలలోనూ ఈ చదువుకు చోటున్నది. లా చదివినవారి సంగతి వేరే చెప్పనక్కరలేదు. మదురైలో 2004 జూలై నుంచి హైకోర్టు బెంచి కూడా ఉన్నది. జీతం మొదట్లో ఇంజనీరుకు వచ్చినంత రాకపోవచ్చును. అయినా పస్తులుండే చదువు మాత్రం కాదు.

రెండవ ప్రశ్నకు జవాబు ఇంత సులభంగా తేలదు. ఈ నెల పందిరి కింద కూర్చుని మాట్లాడుకోవలసింది దాన్ని గురించే. కాలేజీలో చేరిన పిల్లలు మరో విధంగా అడుగుతారు: ‘పాఠాలు వింటున్నాము. సాంఘిక న్యాయం అంటే ఏమిటో పరీక్షలో పది మార్కులకు రాయగలము. కాని చేయడానికేముంది? ఎవరిని అడగాలి? ఎక్కడికి వెళ్లాలి?’ ఇది చాలా మంచి ప్రశ్న. ఉన్నవేమిటో ఒక్కొక్కటే చూద్దాము.

మన పెద్దలు వేసిన బాట

కాలేజీ అనేది పాఠాలకే గాక పరోపకారానికి కూడా అన్న భావం మన తెలుగువారికి కొత్త కాదు. కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలకు 1904 నుంచి 1919 దాకా ప్రిన్సిపాలుగా ఉన్న రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు ఆ రోజుల్లోనే హరిజన బాలురకు వసతిగృహం ఉండాలని పట్టుబట్టి, పిఠాపురం మహారాజావారి చేత దానికి ధనం పెట్టించారు. తరువాత 1925లో ఆయన మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్‌చాన్సలరయ్యారు. చదువు చెబితే చాలదు, చదువుకునేవాడికి తలదాచుకునే చోటు, తినడానికి అన్నం కూడా కావాలని గ్రహించిన మహానుభావుడాయన.

మన పీళమేడు సంగతే చూడండి. పి.ఎస్. గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కుమారులు ఆస్తిని ఐదు భాగాలుగా పంచి, ఐదవ భాగాన్ని ధర్మానికి వదిలిపెట్టారు. 1926లో పుట్టిన ఆ ధర్మసంస్థ కిందనే ఆర్ట్సు కాలేజీ, టెక్నాలజీ కాలేజీ, ఆసుపత్రి లేచినవి. ఇక మదురై. ఎట్టయపురం వైపు వడమలాపురంలో తెలుగు కుటుంబంలో పుట్టిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామిగారు మదురై అమెరికన్ కాలేజీలో చదువుకున్నారు. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయినా కంటి ఆపరేషన్లు చేయడం నేర్చుకున్నారు. ప్రభుత్వోద్యోగం నుంచి విరమించిన తరువాత 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి పెట్టారు. డబ్బున్నవారు ఇచ్చే రుసుముతో లేనివారికి ఉచితంగా చూపునివ్వడం ఆయన చూపిన లెక్క.

ఈ పేర్లు మన సభలలో తరచుగా వింటూనే ఉంటాము. దండలు వేసి ఊరుకుంటే లాభం లేదు. ఆ కాలేజీలలో ఈనాడు చదువుతున్న పిల్లలు అదే బాటను ఎక్కడ పట్టుకోవచ్చునో చెప్పుకోవాలి.

కాలేజీ గోడల లోపల

మొదటిది ఎన్.ఎస్.ఎస్. గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న, నాటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావుగారు 37 విశ్వవిద్యాలయాలలో 40,000 మంది విద్యార్థులతో దీన్ని ప్రారంభించారు. చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. ఏడు రోజులు ఒక పల్లెలో శిబిరం ఉండాలి. దాని నినాదం ‘నేను కాదు, నీవు’. చాలామంది పిల్లలు సర్టిఫికెట్ కోసం చేరి, నాలుగు మొక్కలు నాటి, గుడి ముందు చిమ్మి, ఫొటో తీయించుకుని వస్తారు. అదీ తప్పు కాదు. కాని సాంఘిక న్యాయం చదివే విద్యార్థి ఆ శిబిరంలో మరో మూడు సంగతులు కనిపెట్టాలి. శిబిరం ఊళ్లో పెట్టారా, వాడలో పెట్టారా? ఊరి కుళాయికీ వాడ కుళాయికీ నీళ్లు ఒకే వేళ వస్తాయా? శ్మశానానికి వెళ్లే దారి అందరికీ ఒకటేనా? ఈ మూడూ నోటుపుస్తకంలో రాసుకున్న పిల్ల ఏడు రోజులలో ఒక సెమిస్టరు పాఠం నేర్చుకున్నట్లే.

రెండవది కమిటీలు. ఇవి ఉన్నట్లే చాలామంది పిల్లలకు తెలియదు. 1996లో చిదంబరంలో ఒక వైద్య విద్యార్థి హత్యకు గురైన తరువాత 1997లో మన రాష్ట్రం ర్యాగింగు నిషేధ చట్టం చేసింది. 2009లో యూజీసీ ప్రతి కాలేజీలోనూ ర్యాగింగు నిరోధక సంఘం ఉండాలన్నది. అందులో కొత్త విద్యార్థులకూ పాత విద్యార్థులకూ కూడా చోటిచ్చారు. కులం, మతం, భాష, లింగం, అంగవైకల్యం పేరిట ఎవరినీ తక్కువగా చూడరాదనీ, దానికి ప్రత్యేకంగా ఒక విభాగమూ ఒక అధికారీ ఉండాలనీ 2012 నాటి నిబంధనలు చెప్పినవి. ఆడపిల్లలను వేధించడంపై విచారించే అంతర్గత సంఘంలో విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదు వస్తే ముగ్గురు విద్యార్థి ప్రతినిధులు కూర్చోవాలనీ, వారిని ఎన్నుకోవాలనీ 2015 నాటి నిబంధన. మీ కాలేజీలో ఆ ఎన్నిక జరిగిందా? నోటీసుబోర్డులో ఆ సభ్యుల పేర్లున్నవా? మర్యాదగా, రాతపూర్వకంగా ప్రిన్సిపాలుగారిని అడగండి. అడగడం పోట్లాట కాదు. పేపరు మీద ఉన్న సంఘానికి ప్రాణం పోయడం కూడా సాంఘిక న్యాయమే.

మూడవది న్యాయసహాయం. లా కాలేజీ పిల్లలకు ఇది చదువులో భాగమే. మిగిలినవారికి కూడా దారి ఉన్నది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలవారికి, తెగలవారికి, అంగవైకల్యం గలవారికి, ఫ్యాక్టరీ కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోనే దాని కార్యాలయం ఉంటుంది. వారికి సాయంగా ఉండే పారా లీగల్ వలంటీర్ల పథకం 2009లో వచ్చింది. విద్యార్థులను కూడా తీసుకోవచ్చునని అందులో ఉన్నది. శిక్షణ వారే ఇస్తారు. వకీలు ఖర్చు తలచుకుని అన్యాయాన్ని దిగమింగే ఆడకూతురికి ‘అమ్మా, ఖర్చు లేదు, నేను కార్యాలయం చూపిస్తాను రండి’ అని చెప్పగలిగితే అది ఎంత పెద్ద సాయమో ఆలోచించండి.

కాలేజీ గోడలకు అవతల

మదురై పిల్లలు అదృష్టవంతులు. తముక్కంలోని రాణీ మంగమ్మగారి వేసవి మేడ మన నాయకరాజుల నాటిది. అదే నేటి గాంధీ స్మారక మ్యూజియం. 1959 ఏప్రిల్ 15న నెహ్రూగారు దాన్ని ప్రారంభించారు. 1921 సెప్టెంబరులో గాంధీజీ చొక్కా, తలపాగా విడిచి కొల్లాయి కట్టింది ఈ మదురైలోనే. పిల్లలు అక్కడ చూచే వస్తువుల కంటే అక్కడి గ్రంథాలయం ఎక్కువ ఉపయోగకరం. నత్తం రోడ్డులో 2023 జూలై 15న తెరిచిన కలైజ్ఞర్ శతాబ్ది గ్రంథాలయం మరొకటి. పరీక్షల పుస్తకాల కోసమే గాక, అంబేద్కర్ రచనల సంపుటాల కోసం కూడా అక్కడికి వెళ్లవచ్చును.

మదురైలోనే 1995లో హెన్రీ టిఫేన్‌గారు పీపుల్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థను స్థాపించారు. బడి పిల్లలకు మానవ హక్కులను పాఠంగా చెప్పడం వారు 1997లో మొదలుపెట్టారు. ఆ ఏడాదే మదురైలో పుట్టిన ధాన్ ఫౌండేషన్ పల్లె స్త్రీల పొదుపు సంఘాలూ, చెరువుల బాగుసేతా చేపట్టింది. ఇటువంటి చోట్ల సెలవులలో నెలరోజులు పనిచేస్తానంటూ ఒక ఉత్తరం రాసి చూడండి. ఉత్తరంలో మీరేమి నేర్చుకోవాలనుకుంటున్నారో గాక, మీకేమి చేతనవునో రాయండి. లెక్కలు రాయడమా, టైపు చేయడమా, తమిళమూ తెలుగూ రెండూ మాట్లాడడమా? పని చేయించుకునేవారికి కావలసింది అదే.

దిండుక్కల్లు దారిలో గాంధీగ్రామం ఉన్నది. టి.వి. సుందరం అయ్యంగారి కుమార్తె డాక్టర్ సౌందరం గారూ, ఆమె భర్త జి. రామచంద్రన్ గారూ 1947లో దాన్ని మొదలుపెట్టారు. అక్కడి రూరల్ ఇన్‌స్టిట్యూట్ 1956లో పుట్టి 1976లో విశ్వవిద్యాలయ హోదా పొందింది. విద్యార్థులు పల్లెలో నివాసముండి చదవడం అక్కడి పద్ధతి. ‘శాంతిసేన’ అని విద్యార్థుల దళం కూడా అక్కడ ఏర్పడింది.

సౌందరం గారి సాయంతో మదురైలో చదువుకున్న ఒక పేదపిల్ల కథ మన ఆడపిల్లలు తెలుసుకోదగినది. ఆమె కృష్ణమ్మాళ్. 1926లో దిండుక్కల్లు ప్రాంతంలో భూమిలేని దళిత కుటుంబంలో పుట్టింది. చదువు పూర్తి చేసి భూదానోద్యమంలో దిగింది. 1930లో గాంధీజీ పిలుపు విని అమెరికన్ కాలేజీ విడిచిన జగన్నాథన్ గారిని పెళ్లాడింది. 1968 డిసెంబరు 25న తంజావూరు జిల్లా కీళ్‌వెణ్మణిలో 44 మంది కూలీలను గుడిసెలో పెట్టి కాల్చిన ఘోరం జరిగిన తరువాత ఆ దంపతులు అక్కడికే వెళ్లి కూలీల పక్షాన నిలిచారు. 1981లో లాఫ్టి అనే సంస్థ పెట్టి, భూస్వాములతో మాట్లాడి, బ్యాంకులలో అప్పు తెచ్చి, కూలీ స్త్రీల పేర భూమి రిజిస్టరు చేయించారు. 2008లో రైట్ లైవ్లీహుడ్ పురస్కారం, 2020లో పద్మభూషణ్ ఆమెకు వచ్చినవి. ఒక వసతిగృహంలో ఒక పిల్లకు దొరికిన అన్నం ఎంత దూరం పోయిందో చూడండి.

మన తెలుగుతో ఒక పని

ఇంతవరకు చెప్పింది ఏ పత్రికలోనైనా చెప్పగలిగినదే. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం మన ఇళ్లవారికే చెప్పవలసినది.

తెల్లవారుజామున మన వీధి చిమ్మేవారి మాట ఎప్పుడైనా చెవి పెట్టి విన్నారా? కోయంబత్తూరులోనూ మదురైలోనూ పారిశుద్ధ్యం పనిచేసేవారిలో చాలామంది అరుంధతీయులు. వారిలో అనేకుల ఇంటిభాష తెలుగు. మనతో తమిళంలో మాట్లాడతారు, తమలో తాము తెలుగులో మాట్లాడుకుంటారు. విజయనగర, నాయకరాజుల కాలంలో మన పూర్వులు దక్షిణానికి వచ్చినప్పుడే వీరి పూర్వులూ వచ్చారని చరిత్రకారులు చెబుతారు. దండు నడవాలంటే తోలు పని కావాలి గదా, జీనులూ మోటబొక్కెనలూ చెప్పులూ చేసేవారు లేక ఏ దండు నడిచింది? వచ్చిన బాట ఒకటే. మనకు భూమి, కొట్టు, మిల్లు దక్కినవి. వారికి చీపురు దక్కింది.

జాషువాగారు 1941లో ‘గబ్బిలం’ రాశారు. అందులో తన బాధ చెప్పుకునేవాడు అరుంధతీ సుతుడే. మన ఇళ్లలో ఆ పుస్తకం బీరువాలో ఉన్నది. అతని మనుమలు వీధిలో ఉన్నారు.

మన రాష్ట్రంలో షెడ్యూల్డు కులాలకున్న 18 శాతంలో 3 శాతం అరుంధతీయులకు వేరుగా కేటాయిస్తూ 2009లో చట్టం వచ్చింది. చదువులోనూ ఉద్యోగాలలోనూ వారు ఆ 18లో కూడా వెనుకబడిపోయారన్నదే దానికి కారణం. ఇటువంటి ఉపవర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మలం ఎత్తే పనిలో మనిషిని పెట్టరాదని 1993లో ఒక చట్టం, 2013లో మరొకటి వచ్చినవి. మురుగుగుంటలో దిగి చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలివ్వాలని 2014లో అన్న సుప్రీంకోర్టు, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. పరిహారం మూడు రెట్లయింది. అంటే దిగడం ఆగలేదన్నమాట.

2019 డిసెంబరు 2న, పెద్ద వాన కురుస్తున్న తెల్లవారుజామున, మేట్టుపాళయం నడూరులో ఒక పెద్ద ఇంటి ప్రహరీగోడ పక్కనున్న కాలనీ ఇళ్ల మీద కూలి 17 మంది నిద్రలోనే ప్రాణాలు పోగొట్టుకున్నారు. వారు అరుంధతీయ కుటుంబాలవారు. ఆ గోడ ప్రమాదకరంగా ఉన్నదని కాలనీవారు ముందే మొరపెట్టుకున్నారని పత్రికలలో వచ్చింది. మేట్టుపాళయం ఎంత దూరం? కోయంబత్తూరు నుంచి గంటసేపు బస్సు. అక్కడికి ఎన్ని కాలేజీల పిల్లలు శిబిరాలకు వెళ్లి ఉంటారు! ఎవరో ఒకరు ఆ మొరను కాగితం మీద పెట్టి, సోమవారం కలెక్టరాఫీసు ఫిర్యాదుల దినాన ఇచ్చి, రసీదు తీసుకుని, మళ్లీ మళ్లీ తిరిగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేము. కాని తిరగవలసిన పని అటువంటిదని మాత్రం చెప్పవచ్చును.

అందుకే సాంఘిక న్యాయం చదివే మన పిల్లలకు నేను చెప్పేదొకటే. మీ దగ్గర మీ తరగతిలో మరెవరికీ లేని పనిముట్టు ఒకటున్నది. అది మీ ఇంటి తెలుగు. ఆ కాలనీలో సర్వే కాగితం పట్టుకుని తమిళంలో ప్రశ్నలడిగే పిల్లకు దొరికే జవాబు వేరు. ‘అక్కా, బాగున్నారా? పిల్లలు బడికి వెళ్లారా?’ అని తెలుగులో పలకరించిన పిల్లకు దొరికే జవాబు వేరు. వారి తెలుగు మన తెలుగు వలె ఉండకపోవచ్చును. మన తెలుగు మాత్రం విజయవాడవారికి ఏం అర్థమవుతున్నది? అది విని నవ్వకూడదు. నేర్చుకోవాలి.

వెళ్లినప్పుడు ఏం చేయాలి?

మొదట ‘మీరు’ అనడం నేర్చుకోండి. అరవై ఏళ్ల పెద్దావిడను పదేళ్ల పిల్లవాడు ‘ఏయ్, ఇటు రా’ అనే అలవాటు మన వీధులలో ఇంకా పూర్తిగా పోలేదు. ఎన్.ఎస్.ఎస్. నినాదాన్ని మనం మన ఇళ్లలో ‘నేను కాదు, మీరు’ అని చదువుకుందాము. మన భాషలో ఆ ఒక్క మాటలో సగం న్యాయం ఉన్నది.

రెండవది, అడగకుండా ఫొటో తీయవద్దు. మీ ఇంటి వంటగదిలోకి ఎవరో వచ్చి ఫొటో తీస్తే మీ అమ్మగారు ఊరుకుంటారా?

మూడవది, చేయలేనిది చేస్తానని చెప్పవద్దు. ‘ఇల్లు ఇప్పిస్తాను, ఉద్యోగం వేయిస్తాను’ అన్న మాటలు వారు ఎన్నికల నాడు చాలా విన్నారు. మీరు చేయగలిగినవి చిన్నవి, కాని నికరమైనవి. ప్లస్‌టూ చదువుతున్న పిల్లకు కులధ్రువీకరణం, ఆదాయధ్రువీకరణం ఉన్నవా అని చూడండి. లేకపోతే ఈ-సేవై కేంద్రానికి తోడు వెళ్లండి. షెడ్యూల్డు కులాల పిల్లలకు ప్లస్‌వన్ మొదలుకొని పై చదువులకు ఇచ్చే పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నుంచి ఉన్నది. అయినా బ్యాంకు ఖాతాలో పేరు ఒక అక్షరం తేడాగా పడి డబ్బు రాని పిల్లలుంటారు. సర్కారు బడిలో చదివి కాలేజీకి వెళ్లే ఆడపిల్లలకు నెలకు 1,000 రూపాయలిచ్చే ‘పుదుమైప్పెణ్’ పథకం 2022లో వచ్చింది. మగపిల్లలకు ‘తమిళ్ పుదల్వన్’ 2024 ఆగస్టు 9న మన కోయంబత్తూరు ప్రభుత్వ ఆర్ట్సు కాలేజీలోనే ప్రారంభమయింది. ఈ ఏడాది ఏది ఏ మేరకు అందుతున్నదో కాలేజీ ఆఫీసులో కనుక్కుని, తెలియని ఇంటికి తెలియజేయండి. ఒక పిల్ల కాలేజీ మెట్టెక్కడానికి ఒక్కొక్కప్పుడు ఒక కాగితం అడ్డం.

నాలుగవది, లెక్క అడగడం. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో ఏ పౌరుడైనా దరఖాస్తు పెట్టవచ్చును. 30 రోజులలో జవాబు రావాలి. ‘మా మండలంలో పారిశుద్ధ్య కార్మికులు ఎందరు? పర్మనెంటువారెందరు, కాంట్రాక్టువారెందరు? చేతికి తొడుగులు, కాలికి బూట్లు ఎప్పుడిచ్చారు? ప్రావిడెంట్ ఫండ్ పట్టుకున్నది జమ అయిందా?’ అని నాలుగు ప్రశ్నలు వేస్తే అది మంచి ప్రాజెక్టు అవుతుంది. ప్రొఫెసరుగారు మార్కులూ వేస్తారు, కార్మికులకు పనికీ వస్తుంది. అయితే కార్మికులను అడగకుండా వారి పేర్లు ఏ కాగితంలోనూ రాయకండి. కాంట్రాక్టరు కోపం తగిలేది మీకు కాదు, వారికి.

ఐదవది, తిరిగి వెళ్లండి. సర్వే రాసుకుని పోయినవారు చాలామంది. ‘అక్కా, మేము రాసుకున్నదాని ఫలితం ఇదీ’ అని చెప్పడానికి తిరిగి వచ్చినవారు తక్కువ. తిరిగి వచ్చిన పిల్లకు ఆ కాలనీలో కాఫీ ఇస్తారు. తాగాలి.

తల్లిదండ్రులకు

ఈ కాఫీ దగ్గరే కొందరి ఇళ్లలో చిక్కు వస్తుంది. ‘అక్కడ తాగావా?’ అన్న ప్రశ్న వస్తుంది. పైకి ఆరోగ్యం సంగతిగా అడుగుతారు, లోపల సంగతి వేరు. మన ఇళ్లలో పనిమనిషికి పెరటి గూట్లో ప్రత్యేకంగా పెట్టే గ్లాసు ఎన్ని ఇళ్లలో పోయింది, ఎన్ని ఇళ్లలో ఉన్నది? ఎవరి వంటింటిని వారు చూసుకుంటే చాలు, పత్రికకు రాయనక్కరలేదు. కూతురు కాలేజీలో అంటరానితనం గురించి పది మార్కులకు రాసి, ఇంటికి వచ్చి ఆ గ్లాసు కడిగి గూట్లో పెడితే, ఆ చదువుకు మనం కట్టిన ఫీజు ఏమైనట్లు?

‘ఆడపిల్లను అటువంటి చోట్లకు పంపడమా?’ అని భయపడే తల్లులున్నారు. వారి భయాన్ని నేను తేలికగా తీసుకోను. ఒంటరిగా పంపవద్దు. జట్టుగా, ఉపాధ్యాయుల ఎరుకలో, పగటివేళ పంపండి. ఎక్కడికి వెళ్లిందో, ఎవరితో వెళ్లిందో అడగండి. వచ్చిన తరువాత ఏం చూచిందో కూడా అడగండి. చాలా ఇళ్లలో మొదటి రెండు ప్రశ్నలతోనే ఆగిపోతారు. మూడవ ప్రశ్న అడిగితే ఆ రాత్రి భోజనాల దగ్గర మీకే పాఠం దొరుకుతుంది.

ఆ పిల్ల ఒకనాడు కాలనీ స్నేహితురాలిని మన ఇంటికి తీసుకువస్తుంది. ఆ రోజు ఆ చదువుకు అసలు పరీక్ష. పరీక్ష రాసేది కూతురు కాదు, మనము. ‘రామ్మా, కూర్చో, కాళ్లు కడుక్కో, అన్నం తిందువుగాని’ అని మన పిల్లలతో ఎలా అంటామో అలాగే అనగలిగితే, మనం పాసయినట్లు. ఆ పిల్ల జవాబు తెలుగులోనే చెబుతుంది, విని చూడండి.

మన తెలుగు సంఘాలు నాలుగేళ్లకొకసారి సభ్యుల పట్టిక వేస్తాయి. ఈ జిల్లాలో తెలుగువారు ఇన్ని లక్షలని సభలలో గొప్పగా చెబుతారు. ఆ లక్షలలో అరుంధతీయులను కూడా కలిపి లెక్కిస్తారు. పట్టికలో మాత్రం వారి పేర్లుండవు. ఉగాదికి పిలుపు వెళ్లదు, బహుమతుల పోటీకి వారి పిల్లలు రారు. లెక్కకు పనికివచ్చినవారు పంక్తికి పనికిరారా? సాంఘిక న్యాయం చదివే మన పిల్లలు మొదటి ప్రాజెక్టుగా దీన్నే తీసుకోవచ్చును. మీ శాఖ కార్యదర్శిగారిని కలిసి, వచ్చే ఉగాది పద్యపోటీకి ఒక్క కాలనీ పిల్లలనైనా పిలవండని అడగండి. పద్యం నేర్పే పని మీరే తీసుకోండి. నెలకు నాలుగు ఆదివారాలు చాలు.

మీ కాలేజీలో ఎన్.ఎస్.ఎస్. శిబిరం ఎక్కడ పెట్టారో, విద్యార్థుల కమిటీ ఎన్నిక జరిగిందో లేదో, సమాచారం అడిగితే ఏం జవాబు వచ్చిందో ఒక కార్డు మీద మాకు రాయండి. పేరు వేయవద్దంటే వేయము. పనికివచ్చే సంగతులను ఈ పందిరి కింద అందరితో పంచుకుందాము. తెలుగు రాయడం రాని పిల్లలు తమిళంలో రాసినా చెల్లుతుంది. చదవడం రానివారికి ఇంట్లో పెద్దలెవరైనా ఈ పుట చదివి వినిపిస్తే సంతోషిస్తాను.

వచ్చే నెల వసతిగృహాల గురించి, కాలేజీలో చేరేటప్పుడు దగ్గర ఉంచుకోవలసిన కాగితాల గురించి చెప్పుకుందాము. అంతవరకు సెలవు.